కార్పెట్ టైల్స్ శుభ్రత: ముందు పీల్చాలి, తర్వాతే తడపాలి

కొత్తగా పనిలో చేరిన హౌస్‌కీపింగ్ కుర్రాళ్లకి మొదటిరోజు నేను ఏ మెషీనూ చూపించను. లిఫ్ట్ దిగాక జనం ఎక్కువగా నడిచే చోటుకి తీసుకెళ్తాను. ఫోన్ టార్చ్ వెలిగించి, పక్కనుంచి వెలుతురు పడేలా నేలకి ఆనించి పెడతాను. తలలో పాపిడి తీసినట్టు రెండు వేళ్లతో కార్పెట్ పోగుల్ని విడదీస్తాను. పైనుంచి శుభ్రంగా కనిపించిన కార్పెట్ టైల్‌లో, అంటే నేలమీద ముక్కలుగా పరిచే కార్పెట్‌లో, పోగుల అడుగున సన్నటి ఇసుక పంచదార పలుకుల్లా మెరుస్తుంటుంది. "టీ మరకని చూసి కంగారుపడకు నాన్నా, మన అసలు శత్రువు ఇదీ" అని చెబుతాను.

ఇసుక రేణువుకి పదునైన అంచులు ఉంటాయి. దానిమీద మనిషి అడుగు వేసిన ప్రతిసారీ ఆ అంచు పోగుని గీస్తుంది. గీతలు పడ్డ పోగు మెరుపు పోయి మసకబారుతుంది. కొన్ని ఆఫీసుల్లో ఎన్నిసార్లు షాంపూ పెట్టినా నడకదారి మాత్రం నల్లగానే ఉంటుంది, చూసే ఉంటారు. అక్కడ మురికి ఎప్పుడో పోయింది. మిగిలింది అరుగుదల. అరిగిన పోగుని ఏ కెమికలూ బాగుచేయలేదు.

18 ఏళ్లుగా హైదరాబాద్ ఆఫీసుల్లో ఇదే నా పని. ఈమధ్య అపార్ట్‌మెంట్లలో కూడా పిల్లల గదికీ, హోమ్ థియేటర్‌కీ, ఇంట్లో ఆఫీసు పని చేసుకునే గదికీ కార్పెట్ టైల్స్ వేయించుకుంటున్నారు. తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతుంటారు. దాదాపు అందరూ చేసే తప్పు ఒకటే. మరక కనిపించగానే మగ్గుతో నీళ్లు పోసేస్తారు. బండల నేలకి అలవాటుపడ్డ చేతులు మనవి. తడిగుడ్డ పెట్టందే శుభ్రం చేసినట్టు అనిపించదు. కార్పెట్ దగ్గర మాత్రం ఆ అలవాటు పక్కన పెట్టాలి.

ముందు మీ టైల్ ఏ రకమో తెలుసుకోండి

కార్పెట్ టైల్ సాధారణంగా 50 సెంటీమీటర్ల చదరం. 25 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవుతో పలకల్లా వచ్చేవీ ఉన్నాయి. పైన పోగులు, కింద పీవీసీతోనో బిటుమెన్‌తోనో చేసిన గట్టి అడుగు పొర. పోగులు నైలాన్, పాలీప్రొపిలీన్, పాలియెస్టర్ అని మూడు రకాలుగా ఎక్కువ దొరుకుతాయి. నైలాన్ నలిగినా తిరిగి లేస్తుంది, ఖరీదెక్కువ. పాలీప్రొపిలీన్ నీటి మరకల్ని అంతగా పీల్చదు కానీ నూనెని ఒకపట్టాన వదలదు. పైగా ఒకసారి అణిగిపోతే లేవదు.

రంగు ఎలా ఎక్కించారనేది కూడా ముఖ్యం. పోగు తయారయ్యేటప్పుడే రంగు కలిపితే అది బీట్‌రూట్ లాంటిది, కోసి చూసినా లోపల అదే రంగు. పోగు తయారయ్యాక అద్దకం వేస్తే వంకాయ లాంటిది, పైన రంగు, లోపల తెలుపు. మొదటి రకం ఎండకీ, శుభ్రం చేసే మందులకీ బాగా తట్టుకుంటుంది. రెండో రకంతో జాగ్రత్తగా ఉండాలి. ఇవన్నీ టైల్స్ అమ్మినవాళ్లు ఇచ్చే వివరాల కాగితంలో ఉంటాయి. కొనేటప్పుడే అడిగి దాచుకోండి. ఇప్పుడు వీటికోసం దూరం చూడక్కర్లేదు, మన రంగారెడ్డి జిల్లా చందనవెల్లిలో వెల్‌స్పన్ ఫ్యాక్టరీలోనే కార్పెట్ టైల్స్ తయారవుతున్నాయి.

గది పొడవునా పరిచే చుట్ట కార్పెట్‌ని కాదని ముక్కల కార్పెట్ ఎందుకు వచ్చిందంటే, ఒకచోట పాడైతే ఆ ఒక్క ముక్కే మార్చుకోవచ్చని. నెదర్లాండ్స్‌లో హ్యూగా కంపెనీ దీన్ని 1950లలోనే నడిపించింది. అమెరికాలో రే ఆండర్సన్ 1973లో ఇంటర్‌ఫేస్ కంపెనీ పెట్టి ఆఫీసులన్నిటికీ పాకించాడు. తర్వాత 1988లో హ్యూగా కంపెనీని ఇంటర్‌ఫేసే కొనేసింది. ఇంత సౌకర్యం ఉండీ, చాలామంది ఇళ్లలో ఆ టైల్‌ని ఒక్కసారి కూడా పైకి లేపి చూడరు. అది నాకు బాధగా ఉంటుంది.

గుమ్మం దగ్గరే సగం పని

ఆఫీసులోకి వచ్చే ఇసుకంతా చెప్పుల కిందే వస్తుంది. తలుపు దగ్గర చిన్న డోర్‌మ్యాట్ ఒకటి వేస్తే ఒక అడుగు దానిమీద పడుతుంది, రెండోది కార్పెట్ మీద పడుతుంది. రెండు పాదాలూ కనీసం రెండేసిసార్లు మ్యాట్ మీద పడాలి. అంటే లోపలికి మూడు, నాలుగు మీటర్ల పొడవు కావాలి. అంత చోటు లేకపోతే తలుపు బయట గరుకు మ్యాట్ ఒకటి, లోపల మెత్తటిది ఒకటి వేయండి. ఆ మ్యాట్‌ని కూడా రోజూ వాక్యూమ్ చేయాలి. నిండిపోయిన మ్యాట్ ఇసుకని ఆపడం మానేసి, తనే పంచిపెడుతుంది.

ఇళ్లలో చెప్పులు బయటే విడిచే అలవాటు మనకి పెద్ద వరం. అయితే వట్టి కాళ్లకి చెమట, నూనె, క్రీములు ఉంటాయి. అవి పోగులకి అంటుకుని, దుమ్ముని పట్టి ఉంచుతాయి. అందుకే ఇంటి కార్పెట్ అరగకపోయినా జిడ్డు పడుతుంది. ఆ గదిలో మేజోళ్లు వేసుకుంటే ఎంత తేడా వస్తుందో ఆరు నెలల్లో మీకే తెలుస్తుంది.

వాక్యూమ్ చేసే పద్ధతి

కార్పెట్ మీద చీపురు వద్దు. కొండచీపురుతో ఊడిస్తే దుమ్ము గాల్లోకి లేచి, కాసేపటికి మళ్లీ అక్కడే కూర్చుంటుంది. ఈనెల చీపురైతే పోగుల్ని రేపేస్తుంది కూడా.

ముందుభాగంలో తిరిగే బ్రష్ ఉన్న వాక్యూమ్ అయితే మేలు. ఆ బ్రష్ పోగుల్ని కదిలించి అడుగున ఉన్న ఇసుకని పైకి తెస్తుంది, గాలి దాన్ని లాగేస్తుంది. మీ టైల్‌ పోగులు కత్తిరించకుండా ఉంగరాల్లా మడిచినవైతే, అవి ఎత్తుగా వదులుగా ఉంటే మాత్రం బ్రష్ ఎత్తు పెంచండి. లేదా బ్రష్ ఆపి వట్టి గాలితో పీల్చండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే హెపా ఫిల్టర్ ఉన్నది తీసుకోండి. 0.3 మైక్రాన్ల ధూళిని కూడా 99.97 శాతం ఆపాలన్నది ఆ ఫిల్టర్‌కి పెట్టిన ప్రమాణం.

మెషీన్ ఎంత మంచిదైనా చెయ్యి తొందరపడితే ప్రయోజనం లేదు. అర మీటరు టైల్ దాటడానికి రెండు సెకన్లయినా పట్టాలి. ముందుకి తోసి, అదే దారిలో నెమ్మదిగా వెనక్కి లాగాలి. ఎక్కువ ఇసుక వచ్చేది ఆ వెనక్కి లాగేటప్పుడే. గదంతా ఒక దిశలో అయ్యాక, నడకదారిలో మాత్రం అడ్డంగా ఇంకోసారి. దుమ్ము సంచి మూడింట రెండొంతులు నిండగానే తీసేయండి, ఆ తర్వాత పీల్చే బలం పడిపోతుంది. "మెషీన్ పాడైంది సార్" అని నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం సంచి ఖాళీ చేయగానే తీరిపోతాయి.

ఎంత తరచుగా అంటే, ఆఫీసులో నడకదారులు, లిఫ్ట్ ముందు, ప్యాంట్రీ తలుపు దగ్గర రోజూ. సీట్ల మధ్య రోజు విడిచి రోజు. బల్లల కింద వారానికోసారి. ఇంట్లో వారానికి రెండుసార్లు చాలు. గోడ అంచున సన్న మూతితో నెలకోసారి లాగండి, ఏసీ గాలికి కొట్టుకొచ్చిన నల్లటి ధూళి అక్కడే గీతలా పేరుకుంటుంది. పోగు ఒకటి ఊడి పైకి వస్తే లాగకండి, మిగతా వరస కూడా వచ్చేస్తుంది. కత్తెరతో మట్టానికి కత్తిరించండి.

టీ ఒలికింది. ఇప్పుడేం చేయాలి?

టీలో మూడు సంగతులున్నాయి. ఆకు నుంచి వచ్చే వగరు రంగు, పాలు, పంచదార. వేడినీళ్లు పోస్తే పాలు పోగులకి పట్టుకుని, రెండు రోజులకి వాసన మొదలవుతుంది. పంచదార వదిలేస్తే ఆ జిగురుకి దుమ్ము అంటుకుని, నెల తిరిగేసరికి అక్కడ నల్లటి మచ్చ తేలుతుంది. అప్పుడు అది టీ మరక అని కూడా ఎవరికీ గుర్తుండదు. మూడూ పోవాలంటే ఈ వరసలో చేయండి.

1. తెల్లటి నూలుగుడ్డ తీసుకోండి. పాత పంచె ముక్కని మించింది లేదు. రంగు తువ్వాలు, పూల టిష్యూలు వద్దు, వాటి రంగు దిగుతుంది. గుడ్డని నాలుగు మడతలు వేసి మరక మీద పరిచి, దానిమీద నిలబడండి. మీ బరువుకి టీ పైకి వస్తుంది. గుడ్డ మార్చి మార్చి, ఇక రంగు రాని దాకా ఒత్తండి. రుద్దకండి. రుద్దితే మరక విస్తరిస్తుంది, పోగుల పురి విడిపోతుంది.

2. స్ప్రే బాటిల్‌తో మామూలు నీళ్లు కొద్దిగా చల్లండి. మళ్లీ ఒత్తండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే సగం పైన పోతుంది.

3. 250 మిల్లీలీటర్ల నీళ్లలో పావు టీస్పూను అంట్లు తోమే లిక్విడ్ కలపండి. పావు అంటే పావే. ఎక్కువ వేస్తే ఎక్కువ పోతుందనుకోవద్దు. ఆ నీళ్లని గుడ్డకి తడిపి, మరక అంచు నుంచి మధ్యకి అద్దుతూ రండి.

4. ఒక వంతు తెల్ల వెనిగర్, రెండు వంతుల నీళ్లు కలిపి అద్దండి. టీ వగరు రంగుని ఇది కరిగిస్తుంది, మిగిలిన సబ్బునీ విరుస్తుంది.

5. మళ్లీ మామూలు నీళ్లు చల్లి ఒత్తండి. ఈ మెట్టు ఎవరూ చేయరు, మరక తిరిగి రావడానికి సగం కారణం ఇదే.

6. పొడి గుడ్డని మందంగా మడిచి మరక మీద పెట్టి, దానిపైన పాలిథీన్ కవరు, కవరుపైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. కవరు ఎందుకంటే ఇనుప వస్తువు నేరుగా పెడితే తుప్పు మరక పడుతుంది. నాకు ఒకసారి అలాగే పడింది. పొద్దున గుడ్డ తీసి, పోగులు ఆరాక వాక్యూమ్ చేయండి.

ఆ ఆరో మెట్టుకి కారణం ఉంది. తడి ఆరేటప్పుడు పోగు దీపం వత్తిలా పనిచేస్తుంది. అడుగున మిగిలిన టీని పైకి లాగి కొసన నిలబెడుతుంది. రాత్రి పోయిందనుకున్న మరక పొద్దున్నే కనిపించేది అందుకే. గుడ్డ పైన ఉంటే ఆ రంగు గుడ్డలోకి ఎక్కుతుంది.

ఏ మందు వాడినా ముందు బల్ల కింద కనిపించని మూల రెండు చుక్కలు వేసి, పది నిమిషాలాగి తెల్లగుడ్డతో ఒత్తి చూడండి. గుడ్డకి టైల్ రంగు అంటిందంటే ఆ మందు మీకు పనికిరాదు. నీళ్ల సంగతి కూడా చూసుకోండి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక తెల్లటి చారలు మిగులుతాయి. మరకలకి కావాల్సింది లీటరు నీళ్లే కదా, ఫిల్టర్ నీళ్లు వాడండి.

పసుపు, కుంకుమ, ఆవకాయ

ఇది మన ఇళ్లకీ మన ఆఫీసులకీ ప్రత్యేకమైన సంగతి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒక దసరాకి, ఆఫీసులో ఆయుధపూజ అయ్యాక సర్వర్ రూమ్ ముందు కార్పెట్ మీద పసుపునీళ్లు ఒలికాయి. మా టీమ్‌లో ఒకమ్మాయి మంచి మనసుతో బట్టలసోడా కలిపిన నీళ్లతో తుడిచింది. పసుపుపచ్చగా ఉన్న మరక కళ్లముందే ఎర్రగా మారింది. పాపం ఆ అమ్మాయికి చేతులు వణికాయి. టెన్షన్‌తో ఇంకా సోడా వేసింది, ఇంకా ఎర్రబడింది. నేను వెళ్లేసరికి ఏడుస్తోంది. "భయపడకమ్మా, దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా చేస్తారు మీ అమ్మ?" అని అడిగాను. పసుపునీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడతాయి కదా, ఇక్కడ జరిగిందీ అదే. పసుపులోని కర్క్యుమిన్ సున్నం, సోడా, బట్టల పౌడరు లాంటి క్షారాలు తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పచ్చబడుతుంది. వెనిగర్ నీళ్లు అద్దగానే మరక పసుపు రంగుకి తిరిగింది. అక్కడినుంచి మామూలుగా తీశాం.

కాబట్టి పసుపు మరకకి బట్టల పౌడరు, సోడా అసలు వద్దు. ముందు ఒత్తి, అంట్ల లిక్విడ్ నీళ్లు, వెనిగర్ నీళ్లు అద్దాలి. మిగిలిన పచ్చదనానికి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తుంది. మందుల షాపు సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్లు కలపండి. మూల పరీక్ష చేయకుండా మాత్రం వాడొద్దు.

ఇంకో మంచి ఉపాయం కార్పెట్ టైల్ ఉన్నవాళ్లకే సాధ్యం. పసుపు రంగు ఎండకి విరిగిపోతుందని బట్టలు ఉతికే ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఆ టైల్ పైకి తీసి, శుభ్రం చేసి, మేడ మీద ఉదయపు ఎండలో పరవండి. గంటకోసారి చూసుకోండి, పచ్చదనం తగ్గుతూ కనిపిస్తుంది. నడివేసవి మధ్యాహ్నపు ఎండలో పెట్టొద్దు, కింది పొర మెత్తబడి అంచులు వంకర తిరుగుతాయి. సమతలంగా పరవాలి, గోడకి వాల్చకూడదు.

కుంకుమ పొడిగా పడితే అది అదృష్టం అనుకోండి. తడిగుడ్డ తగలనీయకండి. కాలితో తొక్కకుండా వాక్యూమ్ మూతిని కాస్త పైనే పట్టుకుని లాగేయండి. ఒక్క చుక్క నీరు తగిలిందంటే ఆ రంగు పోగుల్లోకి దిగుతుంది. ముగ్గుల రంగులకీ ఇదే పద్ధతి. అసలు పూజకి ముందే ఒక పాత దుప్పటి, దాని కింద ప్లాస్టిక్ షీటు పరిచేస్తే ఏ బాధా లేదు. కొబ్బరికాయ బయటే కొట్టండి, కొబ్బరినీళ్లలో కూడా చక్కెర ఉంటుంది.

ఆవకాయ ముద్ద పడితే చెంచాతో అంచుల నుంచి లోపలికి ఎత్తేసి, నూనె ఒత్తి, కార్న్‌ఫ్లోర్ చల్లి అరగంట వదిలేయండి. పిండి నూనెని పీలుస్తుంది. వాక్యూమ్ చేశాక అంట్ల లిక్విడ్ నీళ్లు అద్దండి. తర్వాత మిగిలేది పసుపే, దాని వైద్యం పైన చెప్పాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. రక్తం పడితే చల్లటి నీళ్లు మాత్రమే. వాన బురద అయితే తుడవకుండా ఆరనిచ్చి వాక్యూమ్ చేయండి. పెన్ను, మార్కర్ గీతలకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి తడిపి అద్దండి, సీసా వంచి పోయకండి, కిందికి దిగితే టైల్‌ని నేలకి అతికించిన గమ్ కరుగుతుంది. చూయింగ్ గమ్ మీద ఐసు ముక్కల కవరు పెట్టి, గట్టిపడ్డాక చెంచాతో విరగ్గొట్టండి. ప్రింటర్ టోనర్ పొడి పడితే నీళ్లు, వేడి రెండూ వద్దు. మామూలు ఇంటి వాక్యూమ్ కూడా వద్దు, ఆ పొడి అంత సన్నగా ఉంటుంది కాబట్టి ఫిల్టర్ దాటి గదంతా పడుతుంది. హెపా ఫిల్టర్ ఉన్న మెషీన్‌తోనే తీయాలి. గుట్కా, కిళ్లీ మరకలతో కుస్తీ పట్టకండి, ఆ టైల్ మార్చేయండి.

కార్పెట్ మీద వాడకూడనివి

ఫినాయిల్ వద్దు, వాసనతోపాటు జిడ్డునీ వదులుతుంది. హౌస్‌కీపింగ్‌లో ఉన్నవాళ్లందరికీ ఆర్-1, ఆర్-2 అని నంబర్లతో కెమికల్స్ తెలుసు. ఆర్-2 గట్టి నేలలకి, ఆర్-6 టాయిలెట్‌కి. రెండూ కార్పెట్‌కి కావు. బ్లీచింగ్ తగిలితే రంగే పోతుంది, పోయిన రంగుని ఎవరూ తిరిగి తేలేరు. ఇంకో మాట, ఇది కార్పెట్‌కి సంబంధించింది కాకపోయినా ప్రాణాలకి సంబంధించింది. బ్లీచింగ్‌నీ టాయిలెట్ యాసిడ్‌నీ ఒకే బకెట్‌లో ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ విషవాయువు వస్తుంది. పనివాళ్లకి ఈ సంగతి నోటితో చెప్పండి, గోడమీద రాసి ఊరుకోకండి.

డీప్ క్లీనింగ్

ఆఫీసు నడకదారులకి మూడు నాలుగు నెలలకోసారి, మిగతా చోట్ల ఏడాదికోసారి, ఇంట్లో ఏడాదికోసారి తడి శుభ్రత చాలు. పద్ధతులు ముఖ్యంగా రెండు.

మొదటిది తక్కువ నీళ్ల పద్ధతి, ఎన్‌క్యాప్సులేషన్ అంటారు. మందు చల్లి, బ్రష్ మెషీన్‌తో పోగుల్లోకి కలిపితే అది మురికిని చుట్టుకుని, ఆరాక పెళుసు పలుకుల్లా మారుతుంది. మర్నాడు వాక్యూమ్ చేస్తే ఊడి వచ్చేస్తుంది. గంట, రెండు గంటల్లో ఆరిపోతుంది. ఐటీ ఆఫీసులకి నేను ముందుగా ఇదే చెబుతాను. ఎందుకంటే అక్కడ చాలాచోట్ల కార్పెట్ కింద ఎత్తు పలకల నేల ఉంటుంది, ఆ పలకల కింద కరెంటు, నెట్‌వర్క్ కేబుళ్లు ఉంటాయి. సందుల్లోంచి దిగిన నీరు ఎక్కడికి పోతుందో ఊహించుకోండి. తడి పని ఏదైనా సరే, ఆ ఏరియాలో నేలలో ప్లగ్గులుండే ఫ్లోర్ బాక్సులకి కరెంటు ఆపించి, మూతలు టేపుతో మూసి మొదలుపెట్టాలి.

రెండోది వేడినీళ్లు చల్లి వెంటనే లాగేసే ఎక్స్‌ట్రాక్షన్. లోతుగా దిగిన మురికికి ఇదే సరైనది. ముందు రెండుసార్లు వాక్యూమ్ చేయండి. పొడి దుమ్ము మీద నీళ్లు పోస్తే బురద కలిపినట్టే. నీళ్లు చెయ్యి పెట్టగలిగినంత వేడి చాలు, మరిగే నీళ్లకి గమ్ మెత్తబడుతుంది. ఒకసారి చల్లుతూ లాగితే, రెండుసార్లు వట్టిగా లాగాలి. చివర్లో మందు లేని నీళ్లతో ఒకసారి కడిగినట్టు తీయాలి. సబ్బు మిగిలిపోతే కార్పెట్ రెండు వారాల్లో ముందుకన్నా మురికవుతుంది. అనుమానంగా ఉంటే ఆరాక కాసిని నీళ్లు చల్లి వేళ్లతో రుద్దండి. నురగ వచ్చిందంటే సబ్బు ఉంది.

గుండ్రటి ప్యాడ్ తిప్పే బానెట్ మెషీన్ అంటే చాలామందికి ఇష్టం, వెంటనే మెరుపు కనిపిస్తుంది కనుక. అది పై కొసల్ని తుడిచి మురికిని కిందికి నెడుతుంది, కత్తిరించిన పోగుల్ని మెలిపెడుతుంది. నేను వాడనివ్వను.

అన్నిటికన్నా ముఖ్యం ఆరబెట్టడం. ఆరు నుంచి ఎనిమిది గంటల్లో ఆరాలి. ఒకటి రెండు రోజులు తడిగా ఉంటే బూజు మొదలవుతుంది. ఆఫీసుల్లో ఈ పని శనివారం రాత్రి పెట్టుకుంటారు. బిల్డింగ్ ఏసీ మాత్రం శనివారం సాయంత్రమే ఆగిపోతుంది. తలుపులు మూసిన, గాలి ఆడని ఫ్లోర్‌లో సోమవారం దాకా తడి అలాగే ఉంటుంది. అదనపు గంటల ఏసీకి ముందే రాసి పెట్టండి, నేలకి ఆనించి తిప్పే బ్లోయర్లు అద్దెకి తెచ్చుకోండి. ఇంట్లో ఫ్యాన్లు వేసి కిటికీలు తెరవండి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో, గాలిలోనే చెమ్మ ఉన్న రోజుల్లో కిటికీ మూసి ఏసీ డ్రై మోడ్‌లో పెట్టడం మేలు. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. హైదరాబాద్‌లో అయితే దీపావళి తర్వాత గానీ, వేసవిలో గానీ మంచి అదను.

ఏసీ నీళ్లు కారినప్పుడు, వాసన వచ్చినప్పుడు

ఏసీ పైపు కారి కార్పెట్ తడిస్తే పైపైన తుడిచి ఊరుకోవద్దు. టైల్ అడుగు పొరలోంచి నీరు పైకి రాదు, కింద నిలిచి కుళ్లుతుంది. తడిసినవాటిని, వాటి చుట్టూ ఉన్న ఒక వరసనీ తీసేయండి. ఒకదానిమీద ఒకటి పేర్చకుండా విడివిడిగా, పోగులు పైకి ఉండేలా పరిచి గాలి తగలనివ్వండి. కింద నేల తుడిచి పూర్తిగా ఆరాకే తిరిగి వేయండి. టాయిలెట్ మురుగు నీరు వచ్చిందంటే ఆ టైల్స్ పారేయాల్సిందే, కడిగి వాడొద్దు.

ఏ లీకూ లేకుండా ముక్కిపోయిన వాసన వస్తుంటే, ముఖ్యంగా గ్రౌండ్ ఫ్లోర్ ఇంట్లో, నేలలోంచే చెమ్మ ఎక్కుతోందేమో చూడాలి. ఒక టైల్ తీసి, వట్టి నేల మీద పాలిథీన్ షీటు పరిచి నాలుగు అంచులూ టేపుతో మూసేయండి. మర్నాడు షీటు లోపల నీటి చుక్కలు కనిపిస్తే లోపం నేలది. కార్పెట్‌ని ఎంత శుభ్రం చేసినా ఆ వాసన పోదు. ముందు నేలకి వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి.

టైల్ తీసి మార్చడం

మూల దగ్గర పుట్టీ బ్లేడు దూర్చి నెమ్మదిగా లేపితే టైల్ వస్తుంది. ఎక్కువ చోట్ల ఎప్పుడూ జిగురుగానే ఉండే గమ్ వేస్తారు, లేదా మూలల్లో స్టిక్కర్లతో కలుపుతారు. రెండిటిలోనూ టైల్ చిరగకుండా వస్తుంది, తిరిగి నొక్కితే అతుక్కుంటుంది. తీసిన వెంటనే వెనక్కి తిప్పి బాణం గుర్తు చూడండి. పక్క టైల్స్ బాణం ఏ వైపు ఉందో ఇదీ అదే పద్ధతిలో ఉండాలి. తిరగేసి వేస్తే వెలుతురు వేరుగా పడి, ఆ ఒక్కటి అతుకు వేసినట్టు కనిపిస్తుంది. పెట్టాక పోగులు సందులో ఇరుక్కోకుండా వేళ్లతో పైకి లాగి, అంచుల్ని అరచేత్తో నొక్కండి.

కొత్త టైల్‌ని పాడైన చోట నేరుగా వేయకండి. చుట్టూ ఐదేళ్లు నడిచిన టైల్స్ మధ్య అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బీరువా కిందో బల్ల కిందో ఉన్న పాత టైల్‌ తీసి పాడైన చోట వేయండి, కొత్తది ఆ బల్ల కింద పెట్టండి. ఏడాదికోసారి నడకదారి టైల్స్‌నీ బల్లల కింది టైల్స్‌నీ ఇలాగే మార్చుకుంటే అరుగుదల అందరికీ సమంగా పంచినట్టవుతుంది. చక్రాల కుర్చీ కింద ఉన్నవాటిని అయితే ఆరు నెలలకే మార్చండి.

దీనికంతా ఇంట్లో స్టాకు ఉండాలి. వేయించేటప్పుడే 3 నుంచి 5 శాతం టైల్స్ అదే రంగు బ్యాచ్‌లోవి ఎక్కువ తీసుకోండి. తర్వాత అదే పేరుతో కొన్నా రంగులో తేడా వస్తుంది. డబ్బాలో నిలబెట్టకుండా సమంగా పడుకోబెట్టి, చెమ్మ లేని చోట ఉంచండి. మార్చిన ప్రతి టైల్ వెనుక పర్మినెంట్ మార్కర్‌తో తేదీ, ఏ చోటు నుంచి ఏ చోటుకి వచ్చిందో రాయండి. నేను 2011లో రాసిన అక్షరాలు ఉన్న టైల్ ఒకటి ఇప్పటికీ ఒక మీటింగ్ రూమ్ మూలలో ఉంది. వెనుక నాలుగు తేదీలు ఉన్నాయి, ఇంకో రెండు రాయడానికి చోటు ఉంది.